ప్రింట్ కొడితే కంప్యూటర్ ఎందుకు ఆగిపోయింది?

మా ఊళ్ళో శుభలేఖలు, కరపత్రాలు వేసే చిన్న డీటీపీ షాపు ఒకటుంది. అక్కడ పనిచేసే కుర్రాడు ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. "సార్, ఈ వర్చువల్ కంప్యూటర్‌కి దయ్యం పట్టినట్టుంది. ఒక్కోసారి ప్రింట్ కొడితే ప్రింటవుతుంది, ఒక్కోసారి మొత్తం బిగుసుకుపోతుంది. నిన్న కాపీ కొడితే పైనున్న మెనూలు మాయమైపోయాయి. ముహూర్తాల సీజన్ సార్, ఒకసారి రండి."

ముందు ఆ షాపు సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళ పాత ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ ఏడోది, 2001లో వచ్చింది. ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది గానీ మన డీటీపీ షాపులు వదల్లేదు. పాత కంప్యూటర్ చెడిపోయాక కొత్తది కొని, దాని లోపల వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో మరో కంప్యూటర్ని సృష్టించి, అందులో పాత విండోస్, పాత పేజ్‌మేకర్ పెట్టుకున్నారు. మంచి ఏర్పాటే. బయట కొత్త కంప్యూటర్, దాని కిటికీలో పాత కంప్యూటర్. మొదటిదాన్ని హోస్ట్ అని, రెండోదాన్ని గెస్ట్ అని అంటారు. నేను బయటి కంప్యూటర్, లోపలి కంప్యూటర్ అనే అంటాను. తికమక ఉండదు.

వెళ్ళి కీబోర్డు ముట్టుకోకుండా కుర్రాడి పక్కన కూర్చున్నాను. రిపేరుకి వెళ్ళినవాళ్ళు ముందు చేయాల్సిన పని అదేనని నా నమ్మకం. చేతులు చూడాలి, తెర తర్వాత. అతను ఎడమ చేత్తో పెళ్ళివారిచ్చిన కాగితం పట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలు కీబోర్డు కుడివైపు ఉన్న కంట్రోల్ మీద, మరో వేలు పి మీద. నొక్కాడు. ప్రింటు రాలేదు సరికదా, తెర బూడిదరంగుకి తిరిగింది. కాగితం కింద పెట్టి, ఎడమవైపు కంట్రోల్‌తో పి నొక్కమన్నాను. అప్పటికి లోపలి కంప్యూటర్ ఆగిపోయి ఉంది కనక ఏమీ జరగలేదు. కుడి కంట్రోల్, పి మళ్ళీ నొక్కించాను. తెరకు రంగు తిరిగొచ్చింది. ఇప్పుడు ఎడమ కంట్రోల్, పి. ప్రింట్ పెట్టె వచ్చింది.

దయ్యం ఎక్కడుందో తెలిసిపోయింది. కుడి కంట్రోల్‌లో ఉంది.

రెండు కంట్రోల్ కీలకూ తేడా ఏమిటి?

మామూలు కంప్యూటర్లో ఏమీ లేదు. వర్చువల్‌బాక్స్‌లో చాలా ఉంది. విండోస్‌లో గానీ లినక్స్‌లో గానీ వర్చువల్‌బాక్స్ కుడి కంట్రోల్ కీని తన సొంతానికి ఉంచుకుంటుంది. దాన్ని హోస్ట్ కీ అంటారు. మ్యాక్‌లో అయితే ఎడమ కమాండ్ కీ. హోస్ట్ కీతో కలిపి ఏ అక్షరం నొక్కినా అది లోపలి కంప్యూటర్‌కు చేరదు, వర్చువల్‌బాక్స్‌కే ఆజ్ఞ అవుతుంది.

చిక్కేమిటంటే, ఆ అక్షరాలు మనకు వేరే పనులకు అలవాటైనవి. పి మనకు ప్రింట్, వర్చువల్‌బాక్స్‌కు పాజ్. సి మనకు కాపీ, దానికి స్కేల్డ్ మోడ్, అంటే మెనూలన్నీ తీసేసి లోపలి తెరను కిటికీ సైజుకి సాగదీయడం. ఎఫ్ మనకు వెతుకులాట, దానికి ఫుల్ స్క్రీన్. పేజ్‌మేకర్‌లో కంట్రోల్ ఇ అంటే స్టోరీ ఎడిటర్, ఇక్కడ తెర ఫోటో తీయడం. వర్డ్‌లో కంట్రోల్ ఐ అంటే అక్షరాలు వాలుగా రావడం, ఇక్కడ మౌస్ సర్దుబాటును ఆపేయడం. దాంతో మౌస్ లోపలే ఇరుక్కుపోతుంది, ఎందుకో తర్వాత చెబుతాను. కంట్రోల్ హెచ్ మరీ ప్రమాదం. ఒక మాట తీసి మరో మాట పెట్టడానికి మనం నొక్కేది, లోపలి కంప్యూటర్ పవర్ బటన్ నొక్కినట్టు అవుతుంది.

స్కేల్డ్ మోడ్‌కి మొదటిసారి మారేటప్పుడు వర్చువల్‌బాక్స్ ఒక చిన్న పెట్టెలో, "మళ్ళీ ఇవే కీలు నొక్కితే వెనక్కి వస్తారు" అన్న అర్థంలో చెబుతుంది. కుర్రాడిని అడిగాను. "ఏదో వచ్చింది సార్, ఇక చూపించవద్దు అన్నదాని మీద టిక్ పెట్టి ఓకే కొట్టేశాను" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నేనూ అలాంటి పెట్టెలు చదవకుండా కొట్టేసినవాణ్ణే.

ఇలా ఇరుక్కున్నవాళ్ళకు వెంటనే పనికొచ్చేది ఇది. వీటిలో చాలావాటిని మళ్ళీ అవే కీలు నొక్కితే వెనక్కి తిప్పవచ్చు. మెనూలు పోయాయా, కుడి కంట్రోల్, సి. తెర నిండిపోయిందా, కుడి కంట్రోల్, ఎఫ్. ఏమీ తోచకపోతే కుడి కంట్రోల్, హోమ్. మాయమైన మెనూ తేలి వస్తుంది.

అసలు ఇలాంటి కీ ఎందుకు పెట్టారు?

ఇక్కడ కీబోర్డు ఒకటి, కంప్యూటర్లు రెండు. మీరు నొక్కిన ప్రతి కీనీ ఎవరో ఒకరే తీసుకోవాలి. మామూలు అక్షరాలతో పేచీ లేదు, కిటికీ లోపలికి పోతాయి. ఆల్ట్ ట్యాబ్ నొక్కితే? లోపలి కంప్యూటర్లో ప్రోగ్రాం మారాలా, బయట మారాలా? విండోస్ కీ నొక్కితే ఎవరి స్టార్ట్ మెనూ తెరుచుకోవాలి? ఇద్దరు అధికారుల కింద ఒకే గుమాస్తా పనిచేస్తున్నట్టు ఉంటుంది. అందుకే లోపలి కిటికీ ముందుకు రాగానే వర్చువల్‌బాక్స్ కీబోర్డు మొత్తాన్ని పట్టి లోపలికి ఇస్తుంది. దీన్నే క్యాప్చర్ అంటారు. పట్టుకున్నదాన్ని విడిపించడానికి ఒక కీ అయినా బయట మిగలాలి కదా. అదే హోస్ట్ కీ. కిటికీ కింద కుడి మూలన దాని పేరు ఎప్పుడూ కనబడుతుంది, పక్కనే చిన్న బాణం గుర్తు. ఆ బాణం వెలుగుతుంటే కీబోర్డు లోపలివాళ్ళది.

కాబట్టి అనుకోని షార్ట్‌కట్ ఏది ఎదురైనా నేను ముందు వేసే ప్రశ్న "ఇదెందుకు పనిచేయట్లేదు" అన్నది కాదు. అది ఎక్కడో పనిచేసింది. ఆ కీని ఎవరు తీసుకున్నారన్నది ప్రశ్న.

కీ లోపలికి ఎలా పోతుందో తెలిస్తే ఇంకొన్ని చిక్కులు వాటంతటవే విడిపోతాయి. కీబోర్డు అక్షరాలు పంపదు, సంఖ్యలు పంపుతుంది. వాటిని స్కాన్ కోడ్‌లంటారు. పీసీలో జె కీ నొక్కితే 36, వదిలితే 164. నొక్కినదానికి 128 కలిపితే వదిలింది. ఎడమ కంట్రోల్ 29. కుడి కంట్రోల్‌కి కూడా 29, కాకపోతే ముందు 224 అనే సంఖ్య వస్తుంది. వర్చువల్‌బాక్స్ రెండు కంట్రోల్‌లను వేరుచేసి గుర్తుపట్టేది ఇలాగే.

మన తెలుగువాళ్ళకు తరచూ వచ్చే సందేహానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. "బయట ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకున్నాను, ర రావలసిన చోట లోపల ఇంగ్లీషు జె వస్తోంది, ఎందుకు?" లోపలికి వెళ్ళింది ర కాదు, జె కూడా కాదు, 36. దాన్ని ర గా చదవాలా జె గా చదవాలా అన్నది లోపలి విండోస్ తనకున్న కీబోర్డు అమరికను బట్టి నిర్ణయించుకుంటుంది. కాబట్టి తెలుగు కీబోర్డును లోపల కూడా పెట్టుకోవాలి. బయట ఎంత మార్చినా లోపల ఫలితం ఉండదు.

ఇంకో చిక్కు, కీ అంటుకుపోవడం. లోపల టైపు చేస్తుంటే హఠాత్తుగా అక్షరాలు పడటం మానేసి, ప్రతి అక్షరానికీ ఏదో మెనూ తెరుచుకుంటుంది. జరిగిందేమిటంటే, మీరు ఆల్ట్ నొక్కిన కబురు లోపలికి వెళ్ళింది. ట్యాబ్‌తో కిటికీ మారిపోయింది, ఆల్ట్ వదిలిన కబురు బయటివాళ్ళకు పోయింది. లోపలి కంప్యూటర్‌కు తలుపు తీసిన చప్పుడు వినిపించింది, వేసిన చప్పుడు వినిపించలేదు. మీరు ఇంకా ఆల్ట్ నొక్కే ఉన్నారనుకుంటోంది పాపం. లోపలి కిటికీలో క్లిక్ చేసి రెండు వైపుల షిఫ్ట్, ఆల్ట్, ఎడమ కంట్రోల్, విండోస్ కీలను ఒక్కొక్కటిగా నొక్కి వదలండి. సరిపోతుంది. రీస్టార్ట్ అక్కర్లేదు.

కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కథ వేరు. విండోస్ ఎన్‌టీ రోజుల నుంచి ఈ మూడు కీలనూ విండోస్ ఏ ప్రోగ్రాంకూ అప్పగించకుండా తానే చూసుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగే తెర అసలైనదా, ఎవరైనా పెట్టిన నకిలీదా అన్న అనుమానం రాకూడదని పెట్టిన కట్టుబాటు అది. మామూలుగా వర్చువల్ సాఫ్ట్‌వేర్ దీన్ని ఆపలేదు. అందుకే బదులు కీలు ఇచ్చారు. వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీతో డిలీట్, వీఎంవేర్‌లో కంట్రోల్ ఆల్ట్ ఇన్సర్ట్, మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వీలో కంట్రోల్ ఆల్ట్ ఎండ్. విండోస్ ఎల్ నొక్కితే బయటి కంప్యూటర్‌కు తాళం పడటమూ ఇలాంటిదే.

మౌస్ ఎందుకు ఇరుక్కుంటుంది?

పాత పద్ధతి మౌస్ తానెక్కడున్నదీ చెప్పదు. ఎంత కదిలిందో మాత్రమే చెబుతుంది. దారి అడిగినవాడికి "నాలుగడుగులు కుడికి, రెండడుగులు ముందుకి" అన్నట్టు. బయటి కంప్యూటర్, లోపలి కంప్యూటర్ ఈ అడుగుల్ని ఎవరి లెక్కలో వాళ్ళు కూడుకుంటాయి. ఒకరి వేగం సెట్టింగ్ మరొకరిది కాదు. కాసేపటికి బయటి బాణం ఒకచోట, లోపలి బాణం మరోచోట. ఈ గొడవ పడలేక సాఫ్ట్‌వేర్ బయటి బాణాన్ని దాచేసి, మౌస్‌ను పూర్తిగా లోపలికి ఇచ్చేస్తుంది. మీరు కిటికీ అంచు దాటాలని ఎంత జరిపినా దాటదు. హోస్ట్ కీ ఒక్కసారి నొక్కి వదిలితే బయటికొస్తుంది.

ఈ బాధ శాశ్వతంగా పోవాలంటే "ఎంత కదిలింది" అన్న లెక్క మాని "ఎక్కడుంది" అన్న లెక్కకు మారాలి. రైలు టికెట్ మీద బోగీ, సీటు నంబరు వేసినట్టు. అందుకు రెండు దారులున్నాయి. లోపలి విండోస్‌లో గెస్ట్ అడిషన్స్ అనే చిన్న ప్రోగ్రాం వేసుకోవడం ఒకటి. అది కుదరని చోట, లోపలి కంప్యూటర్ని ఆపి, దాని సెట్టింగ్స్‌లో సిస్టం విభాగానికి వెళ్ళి పాయింటింగ్ డివైస్ అన్నచోట యూఎస్‌బీ ట్యాబ్లెట్ ఎంచుకోవడం రెండోది. పేరు చూసి ట్యాబ్లెట్ కొనాలేమోనని కంగారు పడకండి. లోపలి కంప్యూటర్‌కు మీ మౌస్‌ను అలా పరిచయం చేస్తున్నారంతే.

ఇవన్నీ సరిగ్గా ఉండీ మౌస్ ఇరుక్కుంటోందంటే, మీ చెయ్యి ఎప్పుడో కుడి కంట్రోల్, ఐ నొక్కి ఉంటుంది. ఇన్‌పుట్ మెనూలో మౌస్ ఇంటిగ్రేషన్ పక్కన టిక్ ఉందో లేదో చూడండి.

వీఎంవేర్, హైపర్-వీ వాడేవాళ్ళ సంగతి

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితమైంది కనక వాడేవాళ్ళు పెరిగే ఉంటారు. అందులో విడుదల కీ కంట్రోల్, ఆల్ట్ జంట. మన దేశపు ఇంగ్లీషు కీబోర్డు అమరికలో కంట్రోల్ ఆల్ట్ 4 నొక్కితే ₹ గుర్తు వస్తుంది. రెండూ ఢీకొంటాయి. బిల్లులు చేసేవాళ్ళకు ఇది నిత్యం తగిలే ముల్లు. అప్పటికప్పుడు గడవాలంటే కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని స్పేస్ నొక్కి, స్పేస్ మాత్రం వదిలి, మిగతా రెండూ వదలకుండానే 4 నొక్కాలి. వేళ్ళతో కోలాటం. అంతకంటే ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్‌కి వెళ్ళి, హాట్ కీస్ అన్నచోట ఆ జంటకు షిఫ్ట్ కూడా చేర్చి మూడు కీల గుంపుగా మార్చుకోవడం మేలు.

హైపర్-వీలో మౌస్‌ను విడిపించేది కంట్రోల్ ఆల్ట్ ఎడమ బాణం. కొన్ని ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లలో తెరను పక్కకు తిప్పేదీ అవే కీలు! మౌస్ రావాలని నొక్కితే తెర అడ్డంగా తిరుగుతుంది, మనం మెడ వాల్చి చూడాలి. కంట్రోల్ ఆల్ట్ పై బాణం నొక్కితే నిలబడుతుంది. తర్వాత ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో హాట్ కీలు ఆపేయండి, లేదా హైపర్-వీ సెట్టింగ్స్‌లో మౌస్ రిలీజ్ కీ మార్చుకోండి. ఎడమ బాణానికి బదులు కుడి బాణం, స్పేస్, షిఫ్ట్ అని మూడు ఎంపికలుంటాయి. కుడి బాణం మాత్రం వద్దు, అది తెరను రెండోవైపుకి తిప్పుతుంది.

లినక్స్ వాడేవాళ్ళకు ఒక్క మాట. ఉబుంటు 21.04 నుంచి డెస్క్‌టాప్ మామూలుగా వేలాండ్ అనే తెర వ్యవస్థ మీద నడుస్తుంది. వేలాండ్‌లో ఏ ప్రోగ్రాం కూడా తనంతట తాను కీబోర్డును లాక్కోలేదు, డెస్క్‌టాప్ ఒప్పుకోవాలి. షార్ట్‌కట్లు ఈ ప్రోగ్రాంకు ఇవ్వమంటారా అని గ్నోమ్ అనే ఆ డెస్క్‌టాప్ అడిగినప్పుడు వద్దని నొక్కి ఉంటే ఆల్ట్ ట్యాబ్ బయటే ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో ఆ ప్రోగ్రాం పేరు మీదున్న అనుమతిని మళ్ళీ మార్చుకోవచ్చు.

ఎవరు తీసుకున్నారో కనిపెట్టడం ఎలా?

కీ ప్రయాణంలో నాలుగు మజిలీలు. బయటి విండోస్, వర్చువల్ సాఫ్ట్‌వేర్, లోపలి విండోస్, ఆఖరున మీరు వాడే ప్రోగ్రాం. ముందు లోపలి కిటికీని పక్కన పెట్టి, బయట నోట్‌ప్యాడ్ తెరిచి అవే కీలు నొక్కండి. అక్కడా అదే వింత జరిగితే వర్చువల్ సాఫ్ట్‌వేర్‌కు సంబంధం లేదు. గ్రాఫిక్స్ డ్రైవరో, తెర రికార్డు చేసే ప్రోగ్రామో, మీరెప్పుడో వేసి మరిచిపోయిన మరేదో దాన్ని పట్టుకుంటోంది.

బయట అంతా మామూలుగా ఉంటే లోపలి విండోస్‌లో రన్ పెట్టెలో ఓఎస్‌కే అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెర మీద కీబోర్డు తెప్పించండి. అసలు కీబోర్డు మీద మీరు నొక్కిన కీ లోపలికి చేరితే ఆ బొమ్మలో అదే కీ వెలుగుతుంది. వెలగలేదంటే మధ్యలోనే ఆగింది, అంటే వర్చువల్ సాఫ్ట్‌వేర్ తీసుకుంది. వెలిగిందంటే తప్పు పేజ్‌మేకర్‌లోనో, లోపలి విండోస్‌లోనో వెతకాలి. అంటుకుపోయిన ఆల్ట్ కూడా అక్కడే బయటపడుతుంది, చెయ్యి తీసినా వెలుగుతూనే ఉంటుంది. ఇంత తేలికైన పరీక్ష ఉండగా జనం మొత్తం సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు. పైగా చాలాసార్లు పాత సెట్టింగ్స్ అలాగే మిగిలి, జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక మార్చడం. వర్చువల్‌బాక్స్ ముఖ్య కిటికీలో ఫైల్ మెనూ, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్. అందులో వర్చువల్ మెషిన్ అన్న భాగం తెరిస్తే షార్ట్‌కట్ల జాబితా మొత్తం ఉంటుంది, అన్నిటికంటే పైన హోస్ట్ కీ. కొత్త వెర్షన్లలో బేసిక్, ఎక్స్‌పర్ట్ అని రెండు రకాల చూపులున్నాయి, వెతికే వరుస కనబడకపోతే ఎక్స్‌పర్ట్‌కి మారండి. ఇక్కడ రెండు పనులు చేయవచ్చు. మిమ్మల్ని బాధపెట్టే అక్షరాన్ని మాత్రమే ఆ వరుసలోంచి చెరిపేయవచ్చు. లేదా హోస్ట్ కీనే మార్చేయవచ్చు. నేను రెండోదానికే ఓటేస్తాను. పి, సి, ఎఫ్, ఇ, ఐ, హెచ్ అంటూ ఒక్కొక్కటే చెరుపుతూ పోతే ఏదో ఒకటి మిగిలిపోతుంది, అది పెళ్ళిళ్ళ సీజన్లోనే బయటపడుతుంది.

ఏ కీకి మార్చాలి? కుడి ఆల్ట్ వద్దు, మన ₹ దాంతోనే వస్తుంది. ఎడమ కంట్రోల్ అసలే వద్దు. బల్ల మీది పెద్ద కీబోర్డయితే స్క్రోల్ లాక్‌కు మించింది లేదు, దాన్ని ఈ రోజుల్లో ముట్టుకునేవాళ్ళు తక్కువ. ల్యాప్‌టాప్‌లో అది ఉండకపోవచ్చు. పైగా 2024 నుంచి వస్తున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో కుడి కంట్రోల్ ఉండాల్సిన చోట కోపైలట్ కీ కూర్చుంది. ఆ కీ నొక్కితే కంట్రోల్ కాదు, షిఫ్ట్, విండోస్, ఎఫ్23 కలిపి వెళ్తాయి. అలాంటి ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేస్తే విడుదల కీ అసలు చేతికే అందదు. వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీగా మూడు కీల దాకా కలిపి పెట్టుకోవచ్చు కాబట్టి ఎడమ కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ మూడూ కలిపి పెట్టండి. లోపలి కంప్యూటర్ని మొదటిసారి నడపకముందే ఈ పని చేసుకోండి, మౌస్ ఇరుక్కున్నాక కాదు.

ఆ జాబితా కిందే ఆటో క్యాప్చర్ కీబోర్డ్ అని ఒక గడి ఉంటుంది. ఆల్ట్ ట్యాబ్, విండోస్ కీ ఎప్పుడూ బయటి కంప్యూటర్‌కే పనిచేయాలనుకునేవాళ్ళు అందులో టిక్ తీసేయవచ్చు. కుర్రాడు మాత్రం ఉంచమన్నాడు. పేజ్‌మేకర్‌లో ఉన్నంతసేపూ అతనికి బయటి ప్రపంచంతో పని లేదట.

పని మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు. టీ తాగడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టింది. మొన్న అటువైపు వెళ్ళినప్పుడు చూశాను. స్క్రోల్ లాక్ కీ మీద చిన్న తెల్ల స్టిక్కర్ అంటించి, బాల్‌పెన్‌తో "బయటికి" అని రాసుకున్నాడు. ఎడమ చేతిలో కాగితం, కుడిచేత్తో ఎప్పటిలాగే కుడి కంట్రోల్, పి. శుభలేఖ ప్రింటవుతోంది.